హారికకు, క్లాప్ కొట్టే ముందు

తెనాలి,
ఆదివారం పొద్దున్న

చి. హారికకి బాబాయి ఆశీస్సులు.

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే మా ఇంట్లో ఎవరికో ఏదో అయిందనే అనుకుంటాం. నీ సంగతంతా చెప్పి, "దానికి ఈ పిచ్చి ఎక్కించింది నువ్వే, దింపేదీ నువ్వే" అని ఠక్కున పెట్టేశాడు. ఉద్యోగం మానేస్తున్నావట. శంకర్‌పల్లి ప్లాటు బేరానికి పెట్టమంటున్నావట. జూబ్లీహిల్స్ కలవారి పిల్లల మీద సినిమా అట! మీ పిన్ని అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు. నాకు రాత్రంతా నిద్ర లేదు. అందులో సగం భయం. మిగతా సగం ఏమిటో చెప్పను, నెత్తికెక్కుతావు.

ఉద్యోగం సంగతి మీ అమ్మా నాన్నా సరిపడా తిడతారు, నేను ముట్టుకోను. ప్లాటు సంగతి మాత్రం అంటాను. "ఆ అమెరికా ఆయన ఫ్లాటు అమ్ముకోలేదా బాబాయ్" అంటావు, నాకు తెలుసు. పోయిన సంక్రాంతికి లాప్‌టాప్‌లో నాకు ఆయన తీసిన 'మెట్రోపాలిటన్' సినిమా చూపించి, ఆపి ఆపి మరీ చెప్పావు. విట్ స్టిల్‌మన్ న్యూయార్క్‌లో తన అపార్ట్‌మెంట్ మీద ఉన్న హక్కు 50 వేల డాలర్లకు అమ్మి, మిగతాది అక్కడా ఇక్కడా పోగుచేసి, దాదాపు 2,25,000 డాలర్లలో సినిమా ముగించాడు. అది 1990లో వచ్చి, స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. అంతా నిజమే. కానీ ఆయన అమ్మింది తనది. మన నగేశ్ కుకునూర్ 1998లో 'హైదరాబాద్ బ్లూస్' తీసినా, అమెరికాలో ఇంజినీరుగా దాచుకున్న డబ్బు పెట్టి తీశాడు. శంకర్‌పల్లి ప్లాటు మీ అమ్మ గాజులు. ఆ గాజులు కొట్లో తూచినప్పుడు పక్కన నేనున్నాను. నీ దగ్గరున్న దాంట్లో ఎంత సినిమా వస్తే అంతే తియ్యి. అందులోనూ మూడో వంతు ఎడిటింగ్‌కీ సౌండ్‌కీ సెన్సార్‌కీ విడిగా పెట్టాకే కెమెరా అద్దెకి తెచ్చుకో. షూటింగ్ అయిపోయి, హార్డ్ డిస్క్ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

స్క్రిప్టులో సంగీత్ సీను ఆరు పేజీలుందని విన్నాను. తీసెయ్. మూడొందల మంది జూనియర్ ఆర్టిస్టులు, వాళ్ల రోజువారీ బేటాలు, భోజనాలు, బట్టలు, పైగా పాటల హక్కులు. ఎక్కణ్ణుంచి తెస్తావు? ఆ 'మెట్రోపాలిటన్'లో ఒక్కటి గమనించలేదా నువ్వు? పిల్లలంతా క్రిస్మస్ రోజుల్లో డెబ్యుటాంట్ బాల్‌లకి, అంటే పెద్దింటి ఆడపిల్లల్ని సమాజానికి పరిచయం చేసే డాన్సు పార్టీలకి, తిరిగేవాళ్లే. బాల్ మాత్రం మనకి పెద్దగా కనబడదు. అది అయిపోయాక, అర్ధరాత్రి దాటి ఎవరో ఒకరి డ్రాయింగ్ రూములో చేరి, సోఫాల్లో వాలిపోయి, తమ వర్గం పని అయిపోతోందని దిగులుపడతారు. ఆ వర్గానికి మళ్లీ ఒక పేరు కూడా పెట్టుకుంటారు! నాకు నవ్వు ఆగలేదు. అంత డబ్బున్న ఇరవయ్యేళ్ల కుర్రాడు ముసలాయనలా పతనం గురించి మాట్లాడుతుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. నీ సంగీత్ కూడా అయిపోయాకే మొదలుపెట్టు. రాత్రి రెండు గంటలకి వంటింట్లో ఫ్రిజ్ తలుపు తెరుచుకుని, చేతులకి మెహందీ ఉన్న అమ్మాయికి ఇంకో అమ్మాయి పెరుగన్నం తినిపిస్తూ మూడో అమ్మాయిని ఆడిపోసుకోవాలి. అంతకన్నా ఏం కావాలి నీకు?

ఫ్రిజ్ అంటే గుర్తొచ్చింది. సింక్ సౌండ్, అంటే మాటలు షూటింగ్‌లోనే రికార్డు చేసేటట్టయితే ఫ్రిజ్ ఆపించు. ఆపినవాడు తన బండి తాళం చెవి ఆ ఫ్రిజ్‌లోనే పెట్టాలి, అప్పుడే ఇంటికి వెళ్లేముందు మళ్లీ ఆన్ చేస్తాడు. ఇల్లు స్నేహితురాలిదే అయినా కాగితం మీద సంతకం తీసుకో. గ్లాసులో జ్యూస్ ఎక్కడిదాకా ఉందో ప్రతి షాట్‌కీ ఫోటో తీయించు. భోజనం టైముకి పెట్టు, ఆకలితో ఉన్న లైట్‌బాయ్‌కి నీ కామెడీ ఎక్కదు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటుంది. మీ నాన్నకి కూడా చెప్పలేదు.

1996లో నేనూ ఇలాంటిది ఒకటి తీశాను. గంట నిడివి, బీటాకామ్ వీడియో కెమెరా అద్దెకి తెచ్చుకుని తీసింది. అప్పటికి కో-డైరెక్టర్‌గా నాలుగు సినిమాలు చేసి, నాకన్నీ తెలుసనుకునే వయసు. బంజారాహిల్స్‌లో నాకో స్నేహితుడుండేవాడు. పెద్దింటి బిడ్డ. సాయంత్రాలు వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. ఒకరోజు వాళ్ల చుట్టాలబ్బాయి రిసెప్షన్ ఏదో క్లబ్బులో, నన్నూ రమ్మన్నారు. నా కాళ్లకి తెనాలిలో కుట్టించుకున్న తోలు చెప్పులు. ఆ క్లబ్బులోకి చెప్పులతో రానివ్వరని నాకేం తెలుసు? వాకిట్లో కారెక్కబోతుంటే వాళ్లమ్మగారు చూశారు. అందరి ముందూ ఏమీ అనలేదు. "బాబూ, ఒక్క నిమిషం లోపలికి రా, ఈ డబ్బా అందడం లేదు" అని పిలిచారు. లోపలికెళ్తే పెద్దకొడుకు బూట్లు తీసి పెట్టారు. నాకు ఒక సైజు ఎక్కువ. ఆవిడ పట్టుచీరతో నేల మీద చతికిలబడి, న్యూస్ పేపర్ చింపి, మడిచి, బూటు ముందు భాగంలో కుక్కి, వేలితో నొక్కి చూసి, మళ్లీ కాస్త కుక్కి ఇచ్చారు. చెవుల్లో రవ్వల దుద్దులు. వేళ్ల నిండా పేపరు సిరా.

నేనేం చేశాను? ఆ సీను సినిమాలో పెట్టాను. నా సినిమాలో పెద్దింటావిడ బీదకుర్రాడికి పాత బూట్లు ఇస్తుంది. రెండు వేళ్లతో పట్టుకుని, ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, పదిమంది చూస్తుండగా ఇస్తుంది. రాస్తున్నప్పుడే నవ్వుకున్నాను. షూటింగ్ కూడా వాళ్లింట్లోనే, ఆ వాకిట్లోనే! యూనిట్ మొత్తానికి మూడు రోజులు టిఫిన్లు ఆవిడే పంపారు.

ప్రివ్యూకి ఆవిడ రెండో వరసలో కూర్చున్నారు. ఆ సీనుకి హాలంతా పగలబడి నవ్వారు. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడి పొంగిపోయాను. లైట్లు వెలిగాక ఆవిడ నా దగ్గరికి వచ్చారు. కోపం లేదు, వెటకారం లేదు. "ఆ రోజు కాగితం కాలికి గుచ్చుకుందా బాబూ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఎవరూ నన్ను వాళ్లింటికి రావద్దనలేదు. నేనే వెళ్లలేదు. స్నేహితుడు రెండుసార్లు ఫోన్ చేశాడు, మూడోసారి చేయలేదు. ఆవిడ పోయారని పేపర్లో చూసి తెలుసుకున్నాను.

బూట్లు పెట్టడం తప్పు కాదు హారికా. ఆ ఇంట్లో నవ్వుకోవాల్సినవి లక్ష ఉన్నాయి. నా దగ్గర డబ్బు లేదన్నది ఆవిడ కూడా ఎప్పుడూ మర్చిపోలేదు, మర్చిపోవడం వాళ్లకి రాదు. కానీ నేను బూట్లు ఉంచుకుని కాగితం తీసేశాను. కాగితం ఉంటే నవ్వు అంత గట్టిగా రాదని నాకు తెలుసు. తెలిసే తీసేశాను. నీ స్టిల్‌మన్ అలా తీసెయ్యలేదు చూడు. ఆయన సినిమాలో ఆ నిక్ ఒట్టి గర్విష్ఠి, ఎవర్నీ లెక్కచేయడు. అయినా అద్దె సూటులో వచ్చిన టామ్‌ని ఉండమని కూర్చోబెట్టేది వాడే. ఆ టామ్ కూడా తక్కువవాడా? నవల చదవకుండా దాని మీద విమర్శ చదివి వాదించే రకం! ఇలాంటివాణ్ణి మన గురజాడ గిరీశంలో 1897 నాటికే అచ్చేశాడనుకో, అది వేరే మాట.

నిన్నెందుకు ఇంత సతాయిస్తున్నానంటే, నువ్వూ వాళ్ల మధ్య పెరిగిన పిల్లవే. సగం ఫీజు మాఫీతో ఆ స్కూల్లో చదివావు. మూడో తరగతిలో ఎవరిదో పుట్టినరోజుకి వెళ్లొచ్చి బాత్రూంలో గడియ పెట్టుకున్నావు, గుర్తుందా? మనం పట్టుకెళ్లిన పెన్నుల డబ్బా కంటే వాళ్లిచ్చిన రిటర్న్ గిఫ్టు ఖరీదైనదని. తలుపవతల కూర్చుని గంటసేపు బతిమాలాను. ఆ పిల్ల మీద నీకింకా కసి ఉంటే ఈ సినిమా ఆర్నెల్లు ఆపు. లేదనుకుంటే ఆ రిటర్న్ గిఫ్టు సీను రాసి నాకు పంపు. ఆ గిఫ్టు సంచి మీద నీ పేరు వాళ్లమ్మ చేత్తో రాసి, పక్కన పువ్వు బొమ్మ వేసిందని మీ అమ్మ చెప్పింది. నీకది గుర్తుందో లేదో.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. రెండు రోజులు ఆగు, బీపీ తగ్గనీ. షూటింగ్ అన్ని రోజులూ వచ్చి ఓ మూల కూర్చుంటాను, నోరెత్తను. నోరెత్తితే టీకి పంపించు.

ఆ బూట్లు నా దగ్గరే ఉన్నాయి. నల్లవి, తొమ్మిదో నంబరు. తిరిగివ్వడానికి వెళ్లే మొహం లేకపోయింది. నీ హీరో కాలు కొలత రాసి పంపు. సరిపోకపోతే కాగితం నేనే కుక్కుతాను.

బాబాయి