గాలివానకు కొమ్మ విరిగితే యజమాని బాధ్యుడా?

ప్రశ్న: మాది కావలి. మా నాన్న నాటిన వేపచెట్టు పెరట్లో ఉంది. ఆయన పోయాక మాకు మిగిలిన గుర్తు అదే. మొన్నటి గాలివానకు పెద్ద కొమ్మ విరిగి పక్కింటాయన రేకుల షెడ్డు మీద, అందులో ఉన్న కారు మీద పడింది. మూడు లక్షలు ఇవ్వాలని ఆయన లాయర్ నోటీసు పంపించారు. చెట్టు ఒరుగుతోందని రెండేళ్ల కిందట ఆయన ఒక ఉత్తరం ఇచ్చిన మాట నిజమే. దానికి ఈపాటికి కాలం చెల్లినట్టే కదా? గాలివానకు నేనెలా బాధ్యుణ్ని? మిగిలిన చెట్టును కూడా రాత్రికి రాత్రే కొట్టించేస్తే గొడవ ఉండదని మా బావమరిది అంటున్నాడు. అమ్మ టెన్షన్‌తో అన్నం కూడా సరిగా తినడం లేదు. ఫోటోలు పంపుతున్నాను.

జవాబు: ఆ చెట్టు ఎవరు నాటారని కోర్టు అడగదు. గాలివాన రాకముందే అది ప్రమాదంగా ఉందని మీకు తెలుసా, తెలియకపోతే జాగ్రత్త గల యజమానికి తెలిసి ఉండాల్సిందా, ఇదొక్కటే అడుగుతుంది. స్కూటర్ మీద వెళ్తున్న మనిషి మీద కొమ్మ విరిగిపడి ప్రాణం పోయిన కేసులో ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌దే బాధ్యతని 1999లో సుప్రీంకోర్టు తేల్చింది. తెగులు పట్టో, ఎండిపోయో పడేలా ఉన్న చెట్టు విషయంలో తగిన జాగ్రత్త తీసుకోవాల్సింది దాని యజమానే.

గట్టిగా ఉన్న చెట్టు కనీవినీ ఎరుగని తుపానుకు కూలితే దైవాధీనం అనే వాదన నిలుస్తుంది. నెల్లూరు జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలివానలు ఏటా వచ్చేవే. వాటిని ఊహించలేదంటే ఏ జడ్జీ ఒప్పుకోరు.

ఇక మీ ఫోటోలు. కొమ్మ విరిగిన చోట కలప ముదురు గోధుమ రంగులో పొడిపొడిగా ఉంది. తెల్లటి కొత్త చీలిక అంచున వేలెడు మందమే కనిపిస్తోంది. అంటే లోపల ఏళ్ల తరబడి పుచ్చింది. చెట్టు మొదలు దగ్గర బెరడును అంటుకుని అరలు అరలుగా పుట్టగొడుగులు ఉన్నాయి. చెట్టు వాలిన వైపుకు ఎదురుగా నేల ఉబ్బి, బీటలు తీసింది. సెప్టిక్ ట్యాంకు గొయ్యి తవ్వినప్పుడు తెగిన వేళ్ల మొండేలు కూడా ఒక ఫోటోలో ఉన్నాయి. ఆ వేళ్లు తెగుతుంటే ఎవరూ ఆపలేదా? 2021 నుంచి వేపచెట్లకు కొమ్మల చివర్లు ఎండే తెగులు మనం చూస్తూనే ఉన్నాం. చివర్లు ఎండినంత మాత్రాన చెట్టు పడిపోతుందని కాదు, చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. మీ చెట్టుకు చేటు మొదట్లో, వేళ్లలో ఉంది.

ఉత్తరం విషయంలో మీరు పూర్తిగా పొరబడ్డారు. నష్టపరిహారం దావాకు మూడేళ్ల గడువు కొమ్మ పడి నష్టం జరిగిన రోజు నుంచి మొదలవుతుంది, ఉత్తరం తేదీ నుంచి కాదు. ఎవరి ప్రాణమైనా పోయి ఉంటే వారసులు రెండేళ్లలోగా వేయాలి. రెండేళ్ల నాటి ఆ కాగితం మీకు ముందే తెలుసనడానికి ఆయన చేతిలో ఉన్న సాక్ష్యం. అందింది కాబట్టి అందలేదని అబద్ధమాడకండి. అప్పుడే ఒక జవాబు రాసి, ఎవరికైనా చూపించి, ఆ కొమ్మ తీయించి ఉంటే ఈ నోటీసే వచ్చేది కాదు.

మీ బావమరిది మాట మాత్రం అస్సలు వినకండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి లేకుండా చెట్టు కొట్టడం నేరం. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. దావా వస్తుందని తెలిసీ సాక్ష్యాన్ని మాయం చేస్తే, అది మీకు వ్యతిరేకంగా ఉండబట్టే మాయం చేశారని కోర్టు భావించవచ్చు. అలాగని కదలకుండా కూర్చోకండి. మిగిలిన చెట్టు మళ్లీ పడితే తెలియదనడానికి ఈసారి అవకాశమే ఉండదు. పక్కింటాయన తలచుకుంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద ఆర్డీవో దగ్గరికి వెళ్లి, ప్రమాదకరమైన చెట్టును తొలగించమని మీ మీద ఆర్డరు తెచ్చుకోగలరు. ఆ పని మీరే ముందు చేయండి. వాల్టా అనుమతికి దరఖాస్తు పెట్టి, ప్రమాదమని రాసి, దాని నకలు మున్సిపల్ కమిషనర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. అంతదాకా అమ్మగారిని, పిల్లల్ని ఆ పెరటి వైపు వెళ్లనివ్వకండి.

చెట్టు తీసేముందు పక్కింటాయన ఎదుటే, ఇద్దరు పెద్దమనుషుల సమక్షంలో అన్ని వైపుల నుంచీ ఫోటోలు, వీడియో తీయించండి. అవి ఫోన్‌లో అలాగే ఉండాలి. వాట్సాప్‌లో పంపినవి చూపిస్తే సరిపోదు, వాటికి భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. విరిగిన కొమ్మ మొదలు ముక్క ఒకటి దాచండి.

నోటీసులో చెప్పిన గడువులోగా లాయర్ ద్వారా జవాబు ఇవ్వండి. బాధ్యత లేదని మొండికేయకుండా లెక్క అడగండి. షెడ్డు బిల్లులు, కారు రిపేరు ఎస్టిమేటు, ఇన్సూరెన్సు క్లెయిము వివరాలు చూపించమనండి. ఒకే నష్టానికి ఇన్సూరెన్సు కంపెనీ దగ్గరా, మీ దగ్గరా రెండుసార్లు డబ్బు తీసుకుని ఆయన ఉంచుకోకూడదు, కంపెనీ ఇచ్చిన మేరకు తర్వాత ఆ కంపెనీ మిమ్మల్ని అడగవచ్చు. మూడు లక్షల్లో నిజంగా ఎంత నిలుస్తుందో అప్పుడు తేలుతుంది.

తర్వాత ఇద్దరూ కలిసి న్యాయ సేవల కమిటీ దగ్గర ప్రీ లిటిగేషన్ కేసుగా, అంటే దావా వేయకముందే రాజీ కోసం, పెట్టుకోండి. కోర్టు ఫీజు ఉండదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి అవార్డు ఇస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. వాయిదాల్లో కట్టుకునే ఏర్పాటు కూడా అందులోనే రాయించుకోండి.