ఎంతవరకు ఆపొచ్చు, ఎక్కడ ఆగాలి: గార్డు డ్యూటీలో చేరిన శ్రీనుకి

చి. శ్రీనుకి, పెదనాన్న ఆశీస్సులు.

ట్రైనింగ్ అయిపోయి షాపింగ్ మాల్‌లో డ్యూటీ వేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "దొంగ దొరికితే రెండు తగిలించొచ్చా?" అని అడిగావట. వద్దు. మిగతాది కూడా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

యూనిఫాం వేసుకున్నంత మాత్రాన నువ్వు పోలీసువి అయిపోవు. చట్టం దృష్టిలో మామూలు పౌరుడివే. ఏ పౌరుడికైనా ఉండే హక్కు ఒకటి, స్థలం యజమాని తన తరఫున చూసుకోమని నీకు అప్పగించిన పని ఒకటి, అంతే నీ బలం. లోపలికి రానివ్వకపోవడం, బయటికి వెళ్లమని చెప్పడం యజమాని తరఫున చేసేవి. మనిషిని పట్టుకోవడం మాత్రం పౌరుడిగా చేసేది, చిక్కంతా అక్కడే.

2024 జూలై 1 నుంచి అరెస్టు, విచారణ ఎలా జరగాలో చెప్పే పాత సీఆర్‌పీసీ చట్టం పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. దాని 40వ సెక్షన్ ప్రకారం నీ ఎదుటే కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగేది), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా రానిది) రెండూ అయిన నేరం జరిగితే, లేదా కోర్టు ప్రకటించిన పరారీ నేరస్తుడు దొరికితే పట్టుకోవచ్చు. అనవసరంగా ఆలస్యం చేయకుండా, ఎంతైనా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. పాత చట్టంలో ఈ గంటల లెక్క లేదు. ఆరు గంటలున్నాయి కదా అని స్టోర్‌రూమ్‌లో కూర్చోబెట్టి నిజం కక్కించే పని పెట్టుకోకు. పట్టుకున్న వెంటనే 112కి ఫోన్ చెయ్యి. కౌంటర్ పిల్ల చెప్పిందనో, మనిషి వాలకం బాగాలేదనో చెయ్యి వేయకు. నిన్నటి ఫుటేజీలో కనబడ్డవాడు ఇవాళ మళ్లీ వస్తే, కంట కనిపెడుతూ ఇన్‌చార్జికీ పోలీసులకీ కబురు చెయ్యి.

చాలామంది గార్డులకు తెలియని సంగతి ఇంకోటుంది. ఏ నేరానికి ఏ శిక్షో చెప్పే కొత్త చట్టం భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో, 5,000 రూపాయల లోపు సొత్తు దొంగిలించి తిరిగి ఇచ్చేస్తే, అదీ మొదటిసారి అయితే, శిక్ష సమాజ సేవే. 5,000 లోపు మామూలు దొంగతనం బెయిలబుల్, నాన్‌కాగ్నిజబుల్ కూడా. అంటే 40వ సెక్షన్ నీకు తోడు రాదు. అలాగని సరుకు ఉంచిన భవనంలో దొంగతనానికి 305 అని వేరే సెక్షన్ ఉంది, అది గట్టిది. ఏది వర్తిస్తుందో గేటు దగ్గర నిలబడి నువ్వూ నేనూ తేల్చలేం. అందుకే చిన్న సరుకు విషయంలో నా పద్ధతి ఇది: "సార్, ఈ వస్తువుకి బిల్లు కనబడలేదు, ఒకసారి కౌంటర్ దగ్గరికి రండి" అని మెల్లగా చెప్పి, వస్తువు వెనక్కి తీసుకుని, మిగతాది మేనేజర్‌కి వదిలెయ్యి. హక్కు లేకుండా మనిషిని గదిలో పెట్టి గడియ వేస్తే అక్రమ నిర్బంధం, అదే న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. దొంగ సంగతి తర్వాత, ముందు నువ్వు స్టేషన్‌లో ఉంటావు.

బ్యాగు చెకింగ్ ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే లోపలికి పంపకుండా ఉండొచ్చు గానీ బ్యాగు లాక్కుని జిప్పు తీయకూడదు. జేబులు తడమడం అసలే వద్దు, పట్టుకున్న మనిషిని సోదా చేయడం పోలీసుల పని. ఆడవాళ్ల దగ్గర లేడీ గార్డు ఉండాల్సిందే, ఎంత రద్దీ ఉన్నా సరే.

చెయ్యి ఎత్తే విషయానికొస్తే, ఆత్మరక్షణ హక్కు నీకుంది. నీ ఒంటికే కాదు, పక్కవాడి ప్రాణానికీ, కాపలా కాసే ఆస్తికీ వర్తిస్తుంది. కానీ కాచుకోవడానికి ఎంత అవసరమో అంతే. వాడు కింద పడి చేతులెత్తేశాక తగిలే దెబ్బ ఆత్మరక్షణ కాదు. జనం పోగై కొట్టబోతే వాడికి అడ్డం నిలబడాల్సింది కూడా నువ్వే.

రిజిస్టరు రాసేటప్పుడు బద్ధకించకు. "రాత్రి 9.40, రెండో గేటు, నీలం చొక్కా వ్యక్తి, బిల్లు లేని షూ పెట్టె; 9.43కి 112కి ఫోన్; 10.05కి కానిస్టేబుల్‌కి అప్పగింత" అని రాయి. దొంగ అని రాయకు, అది కోర్టు తేల్చేది. పక్కన సాక్షుల పేర్లు. కెమెరా రికార్డింగ్ మీద కొన్నాళ్లకు కొత్తది ఎక్కేస్తుంది కాబట్టి ఆ రాత్రే కాపీ తీయించమని మేనేజర్‌కి రాతపూర్వకంగా అడుగు. గొడవ జరిగిన చోట వస్తువులు ముట్టుకోకు, ఊడ్పించకు.

ఇక నీ ఏజెన్సీ సంగతి. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం గార్డుకి ఫొటో ఉన్న ఐడీ కార్డు ఏజెన్సీయే ఇవ్వాలి. పోలీసు, మిలిటరీ యూనిఫాంలా కనబడే దుస్తులు వేస్తే గార్డుకీ ఏజెన్సీ యజమానికీ ఏడాది దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నీకు ఖాకీ ఇచ్చారని మీ అమ్మ అంది. ఫొటో తీసి పంపు, చూసి చెప్తాను. డ్యూటీలో తెలిసిన విషయాలు బయట చెప్పకూడదు, పోలీసు విచారణలో అడిగితే తప్ప. వాట్సాప్ గ్రూపులో పట్టుబడ్డ మనిషి వీడియో పెట్టడం కూడా దీని కిందికే వస్తుంది.

ఐడీ కార్డు ఇంకా చేతికి రాలేదట కదా. నోటితో అడిగితే రేపు మాపు అంటారు, సూపర్‌వైజర్‌కి మెసేజ్ పెట్టి అడుగు.

మీ పెదనాన్న