49 రూపాయల పుస్తకం అమ్మితే మన చేతికొచ్చేదెంత?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకటే గోల, ఫోన్లో పుస్తకం అమ్మాలంటే గూగుల్, ఆపిల్ యాప్ స్టోరోళ్లకి కట్టేదెంత అని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి నెట్టేసినా, ఏమనుకోవద్దండి.

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. మా నాయన రిటైరైన తెలుగు పండితుడు, ఆయన రాసిన కతలు 11 నోటుబుక్కుల్లో ఉంటే రాత్రిళ్లు కూర్చొని నేనే టైప్ చేసి నాలుగు చిన్న పుస్తకాలు చేసినా. కమలానగర్‌లో తెలిసిన పిల్లోడు యాప్ చేసిచ్చినాడు. పుస్తకం 49 రూపాయలు. బొమ్మ మీద నొక్కితే మా యూపీఐ క్యూఆర్ వస్తాది, డబ్బులేసి స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపిస్తే మేం కోడ్ ఇస్తాం, కోడ్ కొడితే పుస్తకం తెరుచుకుంటాది. ప్లే స్టోర్ వాళ్లు రిజెక్ట్ చేసినారు, పేమెంట్స్ పాలసీ అంట. కిరాణా కొట్లో నడిచే క్యూఆర్ ఈడ యాల నడవదు? 30 శాతం వాళ్లకే ఇయ్యల్లంట గదా, నిజమేనా?
(ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: ముందు నాయనగారికి నా నమస్కారాలు చెప్పండి, 11 నోటుబుక్కులు టైప్ చేసిన మీకు ఇంకో రెండు.

కిరాణా కొట్టు మాట మీరే తెచ్చినారు కాబట్టి ఆడ్నుంచే చెప్తా. అదే ఫోన్లో, అదే ప్లే స్టోర్ నుంచి దించుకున్న యాప్‌లో కందిపప్పు బుక్ చేసినా, ఆటో పిలిచినా, బస్ టికెట్ తీసినా యూపీఐతో కట్టొచ్చు, స్టోరోళ్లు పైసా అడగరు, యాలంటే ఆ సరుకు ఫోన్ బయట మన చేతికొస్తుంది. సరుకు ఫోన్లోనే పుట్టి ఫోన్లోనే అయిపోయేదైతే, అంటే ఈ-బుక్కు, ఆడియో కథ, గేముల్లో కాయిన్లు ఇట్లాంటివైతే, యాప్ లోపల డబ్బులు తీసుకోవాలంటే వాళ్ల బిల్లింగ్, అంటే స్టోరోళ్లే డబ్బు కట్టించుకుని వాటా తీసుకునే పద్ధతి, ఉండాల్సిందే. మీ క్యూఆర్ ఈ గీత దగ్గరే పడింది. ఇంక ఆ కోడ్ కిటుకు ఉంది చూడండి, ఐఫోన్‌లో అయినా పారదు, కోడ్‌లూ క్యూఆర్‌లూ పెట్టి కంటెంట్ తాళం తీయకూడదని ఆపిల్ రూల్స్‌లో పేరు పెట్టి మరీ రాసినారు.

30 శాతం అనేది 2008లో ఆపిల్ యాప్ స్టోర్ తెరిచినప్పటి నుంచి జనం నోట్లో నానుతున్న అంకె. ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు అమ్ముకునే మనలాంటోళ్లకి 15 శాతమే, ఆపిల్ 2021 జనవరిలో మొదలుపెట్టింది, గూగుల్ అదే ఏడాది జులైలో. మీ నాయనగారి కథలు 10 లక్షల డాలర్లు దాటిన రోజు సప్తగిరి సర్కిల్లో అందరికీ ఉగ్గాని బజ్జీ నాది. అయితే ఈ 15 అడగకుండా రాదు, అకౌంట్‌లోకి పోయి ఆ స్కీములో చేరల్ల, చాలామంది ఇది తెలీక ఊరికే 30 కట్టుకుంటా ఉంటారు.

ఇప్పుడు మీ 49 తీసుకోండి. 15 శాతం అంటే 7 రూపాయల 35 పైసలు పోయి మీకు 41.65. మన దేశంలో గూగుల్ బిల్లింగ్ పక్కనే మన సొంత పేమెంట్ గేట్‌వే (కొనేవాళ్ల డబ్బు మన ఖాతాకి చేర్చే కంపెనీ) కూడా పెట్టుకోనిస్తారు, దాంట్లో కట్టినోళ్ల మీద వాళ్ల కోత 4 శాతం తగ్గి 11 అవుతుంది. విన్నంత గొప్పగా ఏం ఉండదు, పుస్తకానికి అదనంగా మిగిలేది 2 రూపాయల లోపు, అందులో గేట్‌వే వాడి వాటా వాడికి, దాన్ని యాప్‌లో అతికించినందుకు మీ కమలానగర్ పిల్లోడి కూలి వాడికి.

ఐఫోన్ జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. యాప్ పెట్టే డెవలపర్ అకౌంట్ కోసం గూగుల్‌కి 25 డాలర్లు ఒక్కసారి కడితే సరిపాయె, ఆపిల్‌కి 99 డాలర్లు ఏటా కట్టల్ల. అది 8,500 రూపాయలే అనుకున్నా, ఏడాదికి 200 పైచిలుకు కాపీలు ఆ ఫీజుకే పోతాయి, తర్వాతే మీకు మొదటి రూపాయి.

నన్నడిగితే యాప్‌లో అమ్మకమే పెట్టొద్దు. ఒక చిన్న వెబ్‌సైట్ పెట్టి ఆడ యూపీఐతో అమ్మండి, కొన్నోళ్లు యాప్‌లో లాగిన్ అయి చదువుకుంటారు, యాప్ వట్టి చదువుకునే అల్మారా అంతే. దీనికి గూగుల్ ఒప్పుకుంటుంది, కమీషన్ సున్నా. ఒక్కటే మెలిక, యాప్ లోపల మాత్రం ఆ వెబ్‌సైట్‌లో కొనే పేజీకి లింకు ఇవ్వకూడదు, ఇస్తే మళ్లీ రిజెక్టే. మరి జనానికి ఎట్ల తెలుస్తుంది అంటారేమో, వాట్సాప్ స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో, అచ్చేయించుకుంటే ఆ పుస్తకం వెనక అట్ట మీద. యాప్‌లో వద్దన్న ఆ క్యూఆర్‌ని ఆ అట్ట మీద అరచేతంత వేసుకోండి, అడిగేవాడు లేడు.

ఇంకోటి, ఆ పిల్లోడు చెప్పినాడో లేదో. 2023 నవంబర్ తర్వాత సొంత పేరు మీద తెరిచిన గూగుల్ డెవలపర్ అకౌంటైతే, యాప్ బయటికి వదిలే ముందు 12 మంది టెస్టర్లు (ముందుగా వాడి చూసేవాళ్లు) వరసగా 14 రోజులు అందులో ఉండల్ల. మొదట్లో 20 మంది అనేవాళ్లు, తగ్గించినారు. నేను మా ఇంటోళ్లనీ పక్కింటోళ్లనీ కలిపి లెక్కకి సరిగ్గా 12 మందిని చేర్చినా, తొమ్మిదో రోజు మా మామ ఫోన్ మార్చి, టెస్టింగ్ నుంచి బయటికొచ్చి, చెప్పను కూడా చెప్పలేదు, నాకు మళ్లీ ఒకటి నుంచి లెక్క. మీరు 15, 16 మందిని పెట్టుకోండి.

ప్రశ్న: మాది పిల్లల మాసపత్రిక, అచ్చు వేసి పోస్టులో పంపిస్తాం. యాప్‌లో చందా తీసుకుంటే కమీషన్ పడుతుందా?
(ఒక ఉపాధ్యాయురాలు, కర్నూలు)

జవాబు: పడదు మేడమ్. పోస్టులో పోయే కాగితం వాళ్ల లెక్కలో సరుకే, కందిపప్పు లాగే. యూపీఐ ధైర్యంగా పెట్టుకోండి. అదే పత్రిక పీడీఎఫ్‌ని విడిగా యాప్‌లో అమ్మినారంటే మాత్రం పైన అనంతపురం వాళ్లకి చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: ఫోన్‌లో అమెజాన్ వాళ్ల కిండిల్ యాప్‌లో ఈ-బుక్కు కొందామంటే కొనే బటనే లేదు. నా ఫోన్ పాడైందా?
(ఒక డిగ్రీ విద్యార్థి, కడప)

జవాబు: నీ ఫోన్ బంగారం తమ్ముడూ, బటన్‌ని వాళ్లే పీకేసినారు.

కథ 2011 నాటిది. ఆ ఫిబ్రవరిలో ఆపిల్, యాప్‌లో చదివే పుస్తకం బయట అమ్మితే లోపల మా బిల్లింగ్‌లో కూడా అమ్మండి, బయటి దుకాణానికి లింక్ పెట్టొద్దు అనింది. పుస్తకాల మీద వచ్చే లాభమే అంతంత మాత్రం, అందులో 30 శాతం ఇచ్చి ఏం మిగుల్తుంది, అందుకని ఆ జులైలో కిండిల్, నూక్, కోబో లాంటి ఈ-బుక్కు యాప్‌లోళ్లందరూ దుకాణం బటన్ తీసేసినారు. ఆండ్రాయిడ్‌లో చాలా ఏండ్లు నడిచింది, గూగుల్ కూడా పట్టు బిగించేసరికి 2022లో అదీ పోయింది. పుస్తకాలు కోట్లలో అమ్మే అమెజాన్‌కే కిట్టుబాటు కాలేదంటే చూడు.

2025 ఏప్రిల్ 30న అమెరికాలో ఎపిక్ గేమ్స్ అనే గేముల కంపెనీ ఆపిల్ మీద వేసిన కేసులో జడ్జి ఆపిల్‌కి గట్టిగా అక్షింతలు వేసినారు, బయటి లింకులు ఆపొద్దు, వాటి మీద కమీషన్ తీయొద్దు అని. వారం తిరక్కుండానే ఆడి ఐఫోన్ కిండిల్‌లో పుస్తకం కొనే బటన్ వచ్చేసింది. ఆడ అంటే అమెరికాలో, మీ కడప ఏడు రోడ్ల కూడల్లో కాదు.

మన దగ్గరా గొడవ తక్కువ జరగలేదులే. 2022 అక్టోబర్‌లో పెద్ద కంపెనీల పెత్తనం మీద కన్నేసే మన కాంపిటీషన్ కమిషన్ ఈ బిల్లింగ్ రూల్ మీదే గూగుల్‌కి 936 కోట్ల జరిమానా వేసింది, 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని 216 కోట్లకి తగ్గించింది. మధ్యలో 2024 మార్చి 1న ఫీజు కట్టలేదని నౌకరీ, భారత్ మ్యాట్రిమోనీ, ఆడియో కథల కుకు ఎఫ్ఎం లాంటి యాప్‌ల్ని గూగుల్ స్టోర్‌లోంచి తీసేస్తే, ఢిల్లీలో మంత్రి కల్పించుకున్నాక మళ్లీ పెట్టినారు. పెళ్లి సంబంధాల యాప్ తీసేసిన రోజు మా వీధిలో ఒకాయన పడిన కంగారు చూడాల్సింది, పెళ్లి ఆయన కూతురిది కాబట్టి నవ్వలేకపోయినా.

నువ్వు ఇప్పుడు చేయాల్సింది, ఫోన్లోనే బ్రౌజర్ తెరిచి అమెజాన్ సైట్‌లో కొను, అదే అకౌంటైతే పుస్తకం దానంతటదే యాప్‌లోకి వచ్చి కూర్చుంటుంది.

ప్రశ్న: కథల యాప్‌లో 1 రూపాయి ట్రయల్ అంటే కట్టినా, నచ్చక యాప్ తీసేసినా. అయినా నెల నెలా డబ్బులు పోతానే ఉన్నాయి. ఇదేం అన్యాయం అక్కా అన్నా ఎవరైనా సరే చెప్పండి.
(ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు)

జవాబు: అన్ననే తల్లీ. యాప్ తీసేస్తే చందా తెగదు, ఇంటికి తాళం వేసి ఊరికి పోతే అద్దె ఆగుతుందా. ప్లే స్టోర్‌లో కట్టింటే నీ ఫొటో మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి పోయి క్యాన్సిల్ చెయ్యి. ఆడ కనపడలేదంటే నేరుగా యూపీఐ ఆటోపేలో కట్టినట్టు, నీ యూపీఐ యాప్‌లోనే ఆటోపే అని ఉంటుంది, ఆ మ్యాండేట్ (నెల నెలా కోసుకోమని నువ్విచ్చిన అనుమతి) రద్దు చెయ్యి. ప్లే స్టోర్‌లో కట్టిందైతే, డబ్బు కట్ అయిన 48 గంటల్లోపల గూగుల్‌ని రిఫండ్ అడగొచ్చు, ఆ తర్వాతైతే యాప్ వాళ్లనే అడుక్కోవల్ల. మొన్న కట్ అయింది ఏ తారీఖో ముందు చూసుకో.