రాత్రి దగ్గు, రిమూవర్ పూసిన రోజు తలనొప్పి: కారు పెయింటు పనిలో ఉన్న నాకు ఏమైంది?

ప్రశ్న: నా వయసు 38. విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో ఒక డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో 15 ఏళ్లుగా పని చేస్తున్నాను. పాత పెయింటు తీయడం, పుట్టీ పెట్టడం, రుద్దడం, ప్రైమర్‌కు బాడీని సిద్ధం చేయడం నా పని. పెయింటు కొట్టే స్ప్రే గన్ పట్టేది మా మేస్త్రీ. ఏడెనిమిది నెలలుగా రాత్రి పూట పొడి దగ్గు వస్తోంది, ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. పగలు పనిలో ఉన్నప్పుడు అంతగా ఉండదు. సంక్రాంతికి శ్రీకాకుళం దగ్గర మా ఊరు వెళ్లి పది రోజులు ఉంటే దగ్గు దాదాపు పోయింది. పాత పెయింటు ఊడదీసే రిమూవర్ పూసిన రోజు సాయంత్రం మాత్రం విపరీతమైన తలనొప్పి, వికారం. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ 98 చూపిస్తోంది కాబట్టి ఏమీ లేదంటున్నారు. చేతులు కూడా పగిలి మండుతున్నాయి. ముఖానికి తువ్వాలు కట్టుకునే పని చేస్తాను. ఇది టీబీయా, దుమ్ము వల్ల వచ్చిందా? పని మానేయాలా? ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది.
ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీ ఉత్తరంలో వ్యాధి పేరు చెప్పడానికి దగ్గరగా వచ్చిన మాట దగ్గు కాదు, సంక్రాంతి. పని మానిన పది రోజుల్లో తగ్గి, పనిలోకి వచ్చాక తిరగబెట్టే దగ్గును మేము ముందుగా పనికి సంబంధించిన ఆస్తమాగానే అనుమానిస్తాము. టీబీ దగ్గు పండగకు ఊరెళ్తే తగ్గి, తిరిగి షెడ్డుకు రాగానే మొదలవదు. అయినా రెండు వారాలకు మించిన ఏ దగ్గుకైనా కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించడం మన దేశంలో తప్పనిసరి జాగ్రత్త కాబట్టి వాటిని ముందు పూర్తి చేయండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కళ్లె పరీక్షకు డబ్బు తీసుకోరు. వాల్తేరులోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి గానీ, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లోని ఛాతీ విభాగం గానీ మీకు అందుబాటులోనే ఉన్నాయి. మీ షెడ్డు ఈఎస్‌ఐ పరిధిలో ఉంటే మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్లవచ్చు.

మీకు ఉన్నది ఒక్క సమస్య కాదు, వేర్వేరు కారణాలున్న మూడు సమస్యలు. దగ్గు ఒకటి, రిమూవర్ తలనొప్పి మరొకటి, చేతుల పగుళ్లు ఇంకొకటి. మూడింటినీ కలిపి 'దుమ్ము' అని ఒక్క మాటతో తేల్చేయడం వల్లే ఏడెనిమిది నెలలు గడిచిపోయాయని నాకు అనిపిస్తోంది.

ముందు దగ్గు సంగతి. మీ మేస్త్రీ వాడే టూ కే (రెండు డబ్బాలు కలిపి వాడే రకం) పెయింటులోనూ, క్లియర్ కోటులోనూ, టూ కే ప్రైమర్‌లోనూ రెండో డబ్బాగా కలిపే హార్డనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వాహనాల పెయింటు పనివాళ్లలో ఆస్తమాకు ప్రపంచమంతటా ముఖ్యకారణంగా గుర్తించినవి ఇవే. (పుట్టీలో కలిపే ఎర్రటి పేస్టు హార్డనర్ వేరు. అది పెరాక్సైడ్ జాతిది, దానితో వీటిని కలగలపకండి.) గన్ మీ చేతిలో లేకపోయినా, అడ్డుగోడ లేని షెడ్డులో ఆయన కొట్టే తుంపర మీరు పీల్చే గాలిలోకే వస్తుంది. సరిగా ఆరని టూ కే ప్రైమర్‌ను మీరు రుద్దినప్పుడు లేచే పొడిలోనూ కొంత మిగిలి ఉంటుంది. ఇవి హాని చేసే మోతాదులో వాసన రావు. కాబట్టి 'వాసన లేదు, ఫరవాలేదు' అన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

ఈ రసాయనాల స్వభావం కొంత విచిత్రమైనది. నెలల తరబడి, ఏళ్ల తరబడి ఏమీ చేయకుండా ఊరుకుంటాయి. ఒకసారి శరీరం వాటిని శత్రువుగా గుర్తించిందంటే ఆ తర్వాత చాలా తక్కువ మోతాదు కూడా శ్వాసనాళాలను బిగుసుకునేలా చేస్తుంది. '15 ఏళ్లు లేనిది ఇప్పుడెందుకు వచ్చింది' అన్న ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉంది. పైగా ప్రభావం వెంటనే కనిపించకుండా నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత మొదలుకావడం తరచుగా చూస్తాము. మధ్యాహ్నం పీల్చినదానికి రాత్రి దగ్గు వస్తే, మనిషి సహజంగానే తప్పంతా ఫ్యాను గాలి మీద, రాత్రి తిన్న పెరుగు మీద వేస్తాడు.

దీన్ని రుజువు చేసుకోవడానికి ఖరీదైన పరీక్ష అక్కరలేదు. గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరును కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకోవలసిందే, కాని సెలవు రోజున చేస్తే అది మామూలుగానే రావచ్చు. దానికి తోడుగా మందుల షాపుల్లో దొరికే పీక్ ఫ్లో మీటర్ ఒకటి కొనుక్కోండి. చేతిలో ఇమిడే ప్లాస్టిక్ గొట్టం అది, బ్యాటరీ కూడా ఉండదు. నిలబడి, నిండుగా ఊపిరి పీల్చి, పెదవులు గట్టిగా మూసి ఒక్కసారిగా బలంగా ఊదితే ముల్లు ఒక అంకె దగ్గర ఆగుతుంది. మూడుసార్లు ఊది వాటిలో పెద్దదాన్ని రాసుకోండి. నిద్ర లేవగానే, పని మధ్యలో, పని అయ్యాక, పడుకునే ముందు, ఇలా రోజుకు నాలుగుసార్లు, పనిలో ఉన్న రెండు వారాలు, పని లేని ఒకటి రెండు వారాలు ఈ లెక్క ఉండాలి. పక్కనే ఆ రోజు చేసిన పని కూడా రాయండి. 'రిమూవర్', 'పుట్టీ రుద్దాను', 'మేస్త్రీ క్లియర్ కొట్టారు' అని ఒక్క ముక్క చాలు. ఒకే రోజులో అంకెలు 20 శాతానికి మించి హెచ్చుతగ్గులవుతూ, పని లేని రోజుల్లో నిలకడగా ఉంటే, ఆ నోటుపుస్తకం చూసిన ఛాతీ వైద్యుడికి వ్యాధి నిర్ధారణలో సగం పని పూర్తయినట్టే. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఈ పుస్తకం రాయడం చిన్నతనంగా భావిస్తారు. రాసినవాళ్లకు మాత్రం జబ్బు ఎక్కడి నుంచి వస్తోందో నేను చెప్పనవసరం లేకపోయింది.

ఇక రిమూవర్. పెయింటు పొంగి పొరలుగా ఊడివచ్చేలా చేసే పాత రకం రిమూవర్లలో ప్రధానంగా ఉండేది డైక్లోరోమీథేన్. ఇది 40 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మే నెలలో ఆటోనగర్ రేకుల షెడ్డులో ఎండకు కాగిన బానెట్ మీద పూస్తే ఎంత వేగంగా ఆవిరవుతుందో మీరు కళ్లారా చూసే ఉంటారు. ఆ ఆవిరి గాలికంటే దాదాపు మూడు రెట్లు బరువైనది కావడంతో నేలకు దగ్గరగా, కారు కింద, గుంతలో పేరుకుంటుంది. అసలు చిక్కు ఆ తర్వాతే ఉంది: పీల్చిన డైక్లోరోమీథేన్‌లో కొంత భాగాన్ని మన కాలేయం కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లను చంపే వాయువు ఇదే. బయటి నుంచి పీల్చిన కార్బన్ మోనాక్సైడ్ మంచి గాలిలోకి వస్తే తగ్గుతూ పోతుంది. ఇక్కడ మాత్రం కొవ్వులో దాగిన ద్రావకం నెమ్మదిగా బయటికి వస్తుండటంతో, పని ఆపిన కొన్ని గంటల వరకూ శరీరం లోపల అది తయారవుతూనే ఉంటుంది. మీ తలనొప్పి పనిలో కంటే సాయంత్రం ఎక్కువ కావడానికి ఇది కారణం కావచ్చు.

మీ వేలి మిషన్ చూపిన 98ని ఈ విషయంలో నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తానికీ, ఆక్సిజన్ పట్టిన రక్తానికీ తేడాను మామూలు పల్స్ ఆక్సీమీటర్ పసిగట్టలేదు. రెండూ దానికి ఎర్రగానే కనిపిస్తాయి. నిజం తెలియాలంటే ఆసుపత్రిలో, రక్తానికి కార్బన్ మోనాక్సైడ్ ఎంత పట్టిందో చెప్పే కార్బాక్సీ హీమోగ్లోబిన్ రక్తపరీక్ష చేయాలి. తలనొప్పితో ఆసుపత్రికి వెళ్లినప్పుడు 'ఇవాళ పెయింటు రిమూవర్ వాడాను' అన్న ఒక్క మాట మీరు చెప్పకపోతే ఆ పరీక్ష ఎవరికీ తోచదు. గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఇది మరింత ప్రమాదకరం. బీడీ, సిగరెట్టు అలవాటు ఉన్నవారి రక్తంలో ఆ వాయువు ముందే కొంత ఉంటుంది. ఆ రిమూవర్ ఆవిరి పక్కన వెల్డింగ్ చేస్తే, మంట తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. కాబట్టి డెంటింగ్ వాళ్ల గ్యాస్ కట్టర్‌కు, మీ రిమూవర్ డబ్బాకు ఒకే మూల తగదు. అమెరికాలో గృహ వినియోగదారులకు ఈ రకం రిమూవర్ల అమ్మకాన్ని 2019లోనే ఆపేశారు. 2024లో పరిశ్రమల్లో కూడా చాలా వాడకాలను నిషేధించారు. ఇక్కడ డబ్బా మీది లేబుల్ చదవడం ఒక్కటే మన చేతిలో ఉన్న దారి. ఆ రసాయనం లేని రకాన్ని తెప్పించమని మీ యజమానిని అడగండి.

ఎవరైనా రిమూవర్ దగ్గర తల తిరిగి పడిపోతే ముందు బయటి గాలిలోకి తీసుకువచ్చి 108కి ఫోన్ చేయాలి. గుంతలో పడిన మనిషి కోసం జాగ్రత్త లేకుండా దిగితే రెండో మనిషి కూడా అక్కడే పడిపోతాడు.

ఇక ముఖానికి కట్టుకునే తువ్వాలు సంగతి. అది లావు దుమ్మును కొంత ఆపుతుంది, ఆవిరిని ఏమాత్రం ఆపదు. ఎన్95 మాస్కు సన్నని పొడిని ఆపుతుంది, ఆవిరిని అది కూడా ఆపదు. థిన్నర్, ప్రైమర్ పని చేసేటప్పుడు సేంద్రియ ఆవిరికి తగిన కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న సగం ముఖపు మాస్కు కావాలి. కార్ట్రిడ్జ్ కూడా ఎప్పటికప్పుడు మార్చాలి. గడ్డం ఉంటే మాస్కు అంచు చర్మానికి అతకదు. రిమూవర్ ఆవిరి విషయంలో మాత్రం ఆ కార్ట్రిడ్జ్ త్వరగా పని చేయడం మానేస్తుంది కాబట్టి, దాన్ని నమ్మి మూసిన షెడ్డులో పని చేయకండి. ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి చేయడమే మేలు. టూ కే గన్ నడుస్తున్నంతసేపూ మీరు ఆ షెడ్డులో ఉండకూడదు. ఐసోసయనేట్లను శరీరం ఒకసారి శత్రువుగా గుర్తించాక, బయటి నుంచి పైపు ద్వారా శుభ్రమైన గాలి అందే మాస్కు తప్ప మరేదీ మీకు సరిపోదు.

ఇక్కడ మన ఊరి వాతావరణం గురించి ఒక మాట చెప్పాలి. విశాఖ తేమకు ఇనుము దాకా తీసిన బాడీ కొద్ది గంటల్లోనే ఎర్రబారుతుంది. వానాకాలంలో పెయింటు పాలిపోతుంది, సముద్రపు గాలి ఇసుక తెచ్చి తడి కోటు మీద చల్లుతుంది. ఈ భయాలతోనే షెడ్డు షట్టర్లు దించి పని చేస్తారని నాకు తెలుసు. వాహనం మీద దుమ్ము పడకూడదని మనిషి ఊపిరితిత్తులను మూసిన గదిలో పెట్టడం న్యాయం కాదని మాత్రం మీ యజమానికి చెప్పండి. కనీసం రిమూవర్ పనీ, రుద్దే పనీ షట్టరు పూర్తిగా ఎత్తి చేయవచ్చు. వాటికి ఇసుక వల్ల పోయేదేమీ లేదు. తడిపి రుద్దమని వైద్యులు తేలిగ్గా సలహా ఇచ్చేస్తారు గాని, పుట్టీ నీటిని పీల్చుకుంటే తర్వాత బుడగలు లేస్తాయనీ, ఉత్త ఇనుము తడిస్తే తుప్పు పడుతుందనీ మీకు తెలుసు. కాబట్టి ప్రైమరునూ పాత పెయింటునూ వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి. పుట్టీకి మాత్రం పొడిని అక్కడికక్కడే లాక్కునే వాక్యూమ్ ఉన్న సాండర్ వాడండి. రుద్దిన తర్వాత కంప్రెసర్ గాలితో బాడీనీ, ఒంటి మీది బట్టలనూ ఊదుకోవడం మానేయాలి. అడుగున పడిన పొడిని తిరిగి గాలిలోకి లేపడం తప్ప దానితో ఒరిగేదేమీ లేదు. పెయింటు గట్టిగా అంటుకుని ఉన్న చోట ఇనుము దాకా గీకకుండా, చెడిన చోట మాత్రమే తీసి అంచులు చదును చేస్తే సరిపోతుందన్నది నాకంటే మీకే బాగా తెలుసు. వైద్యపరంగా కూడా తక్కువ తీసిందే మంచిది. ఛాసిస్‌ను ఇసుకతో బ్లాస్టింగ్ చేసే పని ఏనాడైనా చేసి ఉంటే ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి. ఇసుక పొడి వల్ల వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి టీబీ సోకే అవకాశం ఎక్కువ.

పాత లారీలు, బస్సుల పెయింటు తీసే పని ఉంటే ఒకసారి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. ముఖ్యంగా పసుపు, నారింజ రంగులలోనూ, పాత ఎర్రటి తుప్పు నిరోధక ప్రైమర్లలోనూ సీసం ఉండేది. మన దేశంలో 2017 నవంబరు నుంచి సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90కి) పరిమితం చేసిన నియమాలు ఇళ్లకు, అలంకరణకు వాడే రంగులకే వర్తిస్తాయి, వాహనాల పెయింటుకు కాదు. మీ పాప ప్రస్తావన చదివినప్పుడు నాకు మొదట ఈ విషయమే తోచింది. సీసం పెద్దలకంటే పిల్లల మెదడుకు ఎక్కువ హాని చేస్తుంది, అది ఇంటికి చేరేది మీ చొక్కా మీదనే. పని బట్టలు షెడ్డులోనే మార్చుకుని, విడిగా ఉతికించి, చేతులూ ముఖమూ కడుక్కున్నాకే పాపను ఎత్తుకోండి. మీ రక్తంలో సీసం ఎక్కువని తేలితే పాపకు కూడా పరీక్ష అవసరమవుతుంది.

చేతుల పగుళ్లకు కారణం చాలావరకు థిన్నర్‌తో కడుక్కోవడమే అయి ఉంటుంది. అది రంగుతో పాటు చర్మంలోని సహజమైన నూనెను కూడా కడిగేస్తుంది. రంగు అంటినచోట కొబ్బరినూనె రుద్ది, గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. పడుకునే ముందు వాజలిన్ రాసుకోండి. థిన్నర్‌కు నైట్రైల్ చేతి తొడుగులు కొంతసేపు పనికివస్తాయి గాని, రిమూవర్ వాటిలోంచి కొద్ది నిమిషాల్లోనే దిగుతుంది. చర్మం మీద పడినా, కంట్లో చిందినా కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగాకే ఆసుపత్రికి బయలుదేరాలి.

పని మానేయాలా అన్న మీ ప్రశ్నకు ఇప్పుడే జవాబు చెప్పలేను. పీక్ ఫ్లో పుస్తకం, స్పైరోమెట్రీ చూశాకే చెప్పాలి. ఐసోసయనేట్ ఆస్తమా అని తేలితే మాత్రం నేను మెత్తగా మాట్లాడను. లక్షణాలు మొదలైన తొలి నెలల్లోనే ఆ గాలికి దూరమైనవారిలో కోలుకునే అవకాశం బాగుంటుంది. ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకుని అదే గాలి పీలుస్తూ పోయినవారికి, తర్వాత పని మానినా ఆస్తమా మిగిలిపోవడం తరచుగా చూస్తాము. అంటే వృత్తి పూర్తిగా వదలాలని కాదు. అదే షెడ్డులో డెంటింగ్, ఫిట్టింగ్, పాలిషింగ్ వైపు మారవచ్చు, పెయింటు బూత్‌కు దూరంగా. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడకండి, వైద్యుడు ఇస్తే రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను మధ్యలో ఆపకండి. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే పీల్చే నీలం ఇన్‌హేలర్‌తో సరిపెట్టుకోవడం దగ్గును దాచిపెట్టడమే. ఊపిరి అందక మాట పూర్తి చేయలేని పరిస్థితి వస్తే ఆ రాత్రే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఛాతీ వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు పుస్తకంతో పాటు షెడ్డులోని రిమూవర్, హార్డనర్, ప్రైమర్, థిన్నర్ డబ్బాల లేబుళ్లను ఫోనులో ఫొటోలు తీసుకుని పట్టుకెళ్లండి.