'ఇట్టే' అన్న మాట కొట్టెయ్యి

అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. ఎవరూ వాడని రేడియో తరంగాలను యంత్రం 'ఇట్టే కనిపెట్టేస్తుంది' అని మూడో పేరాలో రాశావే, అక్కడే ఎర్ర కలం మూత తీశాను. ఖాళీ తరంగాన్ని ఖాళీ బస్సు సీటుతో పోల్చడం బాగుంది. కానీ ఆ బస్సులో తువ్వాలు ఏది?

డాలస్ వెళ్లి మరిచిపోయావేమో. మన బస్సుల్లో మనిషి లేని సీటు ఖాళీ సీటు కాదు. కిటికీలోంచి తువ్వాలు పడేసి, ఎవరో టీకి వెళ్లి ఉంటారు. యంత్రం వెతకాల్సింది ఆ తువ్వాలును, అంటే ఆ తరంగం ఎవరిదో అని చెప్పే సన్నటి సంకేతాన్ని. అదెంత పలచనో చూడు: టీవీ చానళ్ల మధ్య ఖాళీలను ఇతరులు వాడుకోవచ్చని 2008లో ఎఫ్‌సీసీ (అమెరికాలో రేడియో తరంగాలను నియంత్రించే సంస్థ) ఒప్పుకున్నప్పుడు, మైనస్ 114 డీబీఎం (సంకేత బలాన్ని కొలిచే ప్రమాణం) సంకేతాన్ని కూడా పసిగట్టాలని షరతు పెట్టింది. ఒక వాటును లక్ష కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ 250 చేస్తే వచ్చే నలుసు అది. గోడ చాటున ఉన్న యంత్రానికి ఆ నలుసూ అందకపోవచ్చు. ఎవరూ లేరనుకుని అది నోరు తెరిస్తే, పొరుగింటి టీవీలో బొమ్మ ముక్కలవుతుంది.

ఇంకాస్త ఎక్కువసేపు వింటే సరిపోదా అని అడిగావు. సరిపోదు. తన లోపలి రొద ఎంతో యంత్రానికి కచ్చితంగా తెలియదు, వేడిని బట్టి అది మారుతుంటుంది. ఆ లెక్కలో కొద్దిపాటి అనుమానం ఉన్నా, ఒక స్థాయికి దిగువన శక్తిని కొలిచే పద్ధతి ఎన్ని గంటలు విన్నా తేల్చలేదు. రాహుల్ తాండ్రా, అనంత్ సహాయ్ అనే పరిశోధకులు 2008 నాటి పత్రంలో దీన్నే 'ఎస్ఎన్ఆర్ గోడ' అన్నారు; ఎస్ఎన్ఆర్ అంటే సంకేతానికీ రొదకూ ఉన్న నిష్పత్తి. నీ వ్యాసంలో ఆ గోడ ఊసే లేదు. ఖాళీ తరంగాల కోసం చెవి ఒగ్గి వినడాన్ని 'వర్ణపట సంవేదనం' అని మాత్రం పదకొండు సార్లు రాశావు. ఎవరి కోసమమ్మా ఆ మాట?

2010లో ఎఫ్‌సీసీ ఆ షరతును సడలించింది. యంత్రం తానున్న చోటు చెప్పి, ఇక్కడ ఏ చానల్ ఖాళీ అని డేటాబేస్‌ను అడిగితే చాలంది. చెవిని నమ్మలేక చిట్టా తెరిచారు. అసలు కథ ఇదైతే, నువ్వు చివర్లో ఒక్క వాక్యంతో దాటేశావు.

నీ తప్పు కూడా కాదు. నా తొలి రోజుల్లో వాతావరణ రాడార్ మీద రాస్తే, అది ఎక్కడెక్కడ పొరబడుతుందో చెప్పిన పేరాను సంపాదకుడు కోసేసి, శీర్షికలో 'అద్భుతం' తగిలించాడు. 'పాఠకుడికి అనుమానాలు అమ్మలేమండీ' అన్నాడు. నెల తిరక్కుండా ఒక రైతు కార్డు రాశాడు: వాన లేదన్నారని వేరుశనగ ఆరబోశాను, తడిసింది. కింద సంతకం, అంతే. ఆ కార్డు ఇంకా నా సొరుగులో ఉంది. ఆ సంపాదకుడికి తరవాత పురస్కారం కూడా వచ్చిందిలే.

ఏ పత్రికకు పంపాలన్నది తరవాత చూద్దాం. ముందు మీ ఇంట్లో వైఫై రూటర్‌ను, రాడార్లతో పంచుకునే 5 గిగాహెర్ట్జ్ చానల్‌కు మార్చు. అది 60 సెకన్లు నోరు మూసుకుని వింటుంది. అంతసేపూ ఆ 5 గిగాహెర్ట్జ్ వైఫై ఫోనుకు అందదు. రాడార్ వినిపించిందా, అరగంట దాకా ఆ చానల్ జోలికి పోదు. గడియారం పట్టుకుని ఆ నిమిషం కూర్చో. అక్కడి నుంచి మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు