కొండ వేటకు తేలికపాటి స్కోప్ ఏది కొనాలి?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి. డెన్వర్ వచ్చి ఏడాదిన్నర అయింది. ఆఫీసులో తోటివాళ్లు అక్టోబరులో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకు రమ్మంటున్నారు. మూడు కిలోల లోపు బరువున్న రైఫిల్ ఒకటి చూసి పెట్టుకున్నాను. దూరం కాల్చాలంటే పెద్ద స్కోప్ (తుపాకీ మీద పెట్టే గురి దుర్బిణి) ఉండాలని ఒకరు, తేలికైనదే మేలని మరొకరు అంటున్నారు. మీరు ఏది కొనమంటారు?

జవాబు: తమ్ముడూ, స్కోప్ కంటే ముందు చెప్పవలసిన సంగతి ఒకటుంది. మన చిత్తూరు వైపు నుంచి వచ్చిన పిల్లల్లో చాలామందికి ఇది తెలియదు. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు; అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రంలో ఆ లైసెన్సు కొనాలంటే 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ) కోర్సు పూర్తి చేసి ఉండాలి. కాబట్టి ముందు కోర్సు, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే రైఫిల్. లైసెన్సు గడువు తీరిన రోజున మినహాయింపు కూడా తీరిపోతుందని మరిచిపోవద్దు.

ఇక బరువు సంగతి. అలిపిరి దగ్గర మెట్లెక్కడం మొదలుపెట్టినప్పుడు భుజాన ఉన్న సంచి బరువు ఎవరికీ తెలియదు. గాలిగోపురం చేరేసరికి తెలుస్తుంది. మోకాళ్ల పర్వతం దగ్గర, ఆ సంచిలో అనవసరంగా పెట్టుకున్న ప్రతి వస్తువూ పేరుపేరునా గుర్తుకొస్తుంది. తిరుమల ఎత్తు సుమారు 3,000 అడుగులే. ఇక్కడ ఎల్క్ కోసం తిరిగే కొండలు చాలాచోట్ల 9,000 అడుగులు దాటి ఉంటాయి, గాలి పలచన, మెట్లు లేవు, నీడన కూర్చుని మజ్జిగ తాగే చోటూ లేదు. రోజంతా మోసి, అదృష్టం బాగుంటే ఒక్కసారి కాల్చే వస్తువు రైఫిల్. దాని మీద కిలో బరువున్న స్కోప్ పెడితే మోత పెరగడమే కాదు, బరువంతా పైకి చేరి తుపాకీ చేతిలో పక్కకు వాలుతూ ఉంటుంది.

నేను మొదట చేసిన తప్పు అదే. 5 నుంచి 25 రెట్లు చూపించే, ముందు అద్దం 56 మిల్లీమీటర్లున్న స్కోప్ కొన్నాను. రెండో ఏడాది ఒక సాయంత్రం స్ప్రూస్ చెట్ల మధ్య నుంచి ఎల్క్ ఒకటి అరవై గజాల దూరంలో బయటకు వచ్చి నిలబడింది. అంతకుముందు ఎదుటి వాలును చూస్తూ జూమ్ 20 దగ్గర వదిలేశాను. స్కోప్‌లో కన్ను పెడితే అద్దం నిండా గోధుమరంగు బొచ్చు తప్ప ఏమీ కనిపించలేదు; అది భుజమో తొడో తేల్చుకోలేక ట్రిగ్గర్ మీద వేలు పెట్టలేదు. జూమ్ తగ్గించేలోపు అది చెట్లలో కలిసిపోయింది.

అందుకే ఖచ్చితంగా చెబుతున్నాను: బరువు తగ్గాలంటే జూమ్ తగ్గించుకోవాలి గానీ, నాణ్యత తగ్గించుకోకూడదు. 10 రెట్ల స్కోప్‌లో 400 గజాల దూరంలోని జంతువు 40 గజాల దగ్గర ఉన్నట్టు కనిపిస్తుంది. మొదటి రెండు మూడేళ్లు 400 గజాలు దాటి కాల్చవద్దన్నది నా గట్టి అభిప్రాయం, ఆ దూరానికి 3-10 లేదా 4-14 రెట్లు పూర్తిగా సరిపోతాయి. స్వరోవ్‌స్కీ జెడ్3 3-10x42 (అంటే 3 నుంచి 10 రెట్లు, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) బరువు సుమారు 360 గ్రాములు. దూరపు గురికి పేరున్న ల్యూపోల్డ్ మార్క్ 5హెచ్‌డీ 3.6-18x44 సుమారు 740 గ్రాములు. రెండూ మంచివే. అయితే మొదటిది ఒక అంగుళం గొట్టం, రెండోది 35 మిల్లీమీటర్ల గొట్టం. గొట్టం లావైన కొద్దీ గురిని పైకీ కిందికీ జరుపుకునే వీలు పెరుగుతుంది, దాంతోపాటు బరువూ పెరుగుతుంది. 400 గజాల వేటకు అంత వీలు అక్కర్లేదు.

లెక్క చూడు. 6.5 క్రీడ్‌మూర్ రకం తూటాను 200 గజాలకు జీరో చేస్తే, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా స్కోప్‌ను సరిచేస్తే, 400 గజాల దగ్గర అది దాదాపు 22 అంగుళాలు కిందికి దిగుతుంది. గురిని కొలిచే కోణం ఎంఓఏ, డిగ్రీలో అరవయ్యో వంతు; ఒక ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు, 400 గజాల దగ్గర దాదాపు 4.2 అంగుళాలు. అంటే గురిని ఐదుంపావు ఎంఓఏ పైకి జరపాలి, స్కోప్ మీది మరను క్లిక్కుకు పావు ఎంఓఏ చొప్పున తిప్పితే 21 క్లిక్కులు. ఈ అంకె తూటానుబట్టి, ఎత్తునుబట్టి మారుతుంది కనుక నీ రైఫిల్‌తో రేంజ్‌లో కాల్చి నీ పట్టిక నువ్వే రాసుకోవాలి.

ముందు అద్దం 40 నుంచి 44 మిల్లీమీటర్లు చాలు. ఆ అద్దం కొలతను జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం వెడల్పు వస్తుంది: 42 మిల్లీమీటర్ల అద్దానికి 10 రెట్ల దగ్గర 4.2, ఆరు రెట్ల దగ్గర 7 మిల్లీమీటర్లు. ఇక్కడ సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకూ వేటకు అనుమతి ఉంది. ఆ మసక వెలుతురులో జూమ్ తగ్గిస్తే బొమ్మ తేటపడుతుంది. 50 మిల్లీమీటర్ల అద్దం పెడితే స్కోప్‌ను తుపాకీకి పట్టి ఉంచే రింగులు ఎత్తుగా వేయాలి, దవడ తుపాకీ మడమకు ఆనదు. గురి చూసే అడ్డుగీతలు రెండో ఫోకల్ ప్లేన్‌లో (జూమ్‌తో గీతల మందం మారని అమరికలో) ఉన్న స్కోప్ వేటకు హాయి, ఎందుకంటే జూమ్ ఎంత తగ్గించినా గీతలు సన్నబడవు. కానీ గీతల మీది కొలతలు ఒకే ఒక్క జూమ్ దగ్గర, సాధారణంగా అన్నిటికన్నా ఎక్కువ జూమ్ దగ్గర, సరిగ్గా ఉంటాయి. తేలిక రైఫిల్ వెనక్కి గట్టిగా తంతుంది, అందువల్ల కంటికీ స్కోప్‌కూ మధ్య మూడున్నర అంగుళాలకు తగ్గని ఎడం ఉండేలా చూసుకో. కనుబొమ్మ మీద నెలవంకలా పడే గాటు నాకు తెలుసు.

కొన్న తర్వాత తప్పక చేయవలసిన పరీక్ష ఒకటి. 100 గజాల దగ్గర ఒక కాగితం పెట్టి ఒక గుండు కాల్చి, 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకు తిప్పుతూ ప్రతి మలుపు దగ్గరా అదే చుక్కకు గురిపెట్టి కాల్చాలి. చివరి గుండు మొదటి రంధ్రం పక్కనే పడితే స్కోప్ నిలబడే రకం. అలా పడకపోతే ముందు స్క్రూలు చూడు. రింగుల స్క్రూలు చేతి అంచనాతో కాక టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో), తయారీదారు చెప్పిన మేరకు బిగించాలి. చాలా రింగులకు అది 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు. బిగింపు సరిగ్గా ఉన్నా గుళ్లు చెదిరితే, ఎంత తేలికైనా సరే, ఆ స్కోప్ వెనక్కి ఇచ్చెయ్యి.

సెలవులకు తిరుపతి వెళ్లేటప్పుడు బావమరిదికి చూపిద్దామని స్కోప్‌ను పెట్టెలో పెట్టుకోవద్దు. రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ కిందికి వస్తాయి, ఇండియాకు తీసుకెళ్లాలంటే ప్రభుత్వ లైసెన్సు కావాలి. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన శేషాచలం అడవుల్లో వేట నేరం. స్కోప్‌ను డెన్వర్‌లోనే బీరువాలో తాళం వేసి ఉంచి వెళ్లు.