పేటెంట్ సెమినార్‌కు వెళ్తే ఉపయోగం ఉంటుందా?

వేరుశనగ కాయలు ఒలిచే యంత్రం తయారు చేశానని, పేటెంట్ల మీద ఉచిత సెమినార్‌కు రమ్మంటున్నారని, వెళ్లాలా వద్దా అని అడిగారు. వెళ్లండి. కానీ అక్కడ యంత్రం వీడియో ఎవరికీ చూపించకండి. చివర్లో "మీ ఆవిష్కరణ గురించి రెండు నిమిషాలు చెప్పండి" అని మైకు చేతికిస్తారు. నిలబడి లోపలి కిటుకు చెప్పేశారా, పేటెంట్‌కు కావాల్సిన కొత్తదనం మీ నోటితోనే పోతుంది. "ఏడాది వరకు పర్లేదు" అని పక్కవాళ్లు ధైర్యం చెప్తే నమ్మకండి. పేటెంట్ చట్టం సెక్షన్ 31లోని 12 నెలల వెసులుబాటు ముఖ్యంగా కేంద్రం నోటిఫై చేసిన ప్రదర్శనలకు, శాస్త్ర సంఘాల్లో చదివిన పత్రాలకు. కాలేజీ ఫెస్టు, యూట్యూబ్, వాట్సాప్ గ్రూపు అందులోకి రావు.

అందుకే ముందు ప్రొవిజనల్ (తేదీ దక్కించుకోవడానికి వేసే తొలి అప్లికేషన్) ఫైల్ చేసి వెళ్లండి. సొంత పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 1,600 రూపాయలు, 30 పేజీలు దాటితే పేజీకి 160 అదనం. ఆ తేదీ నుంచి 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్ (పూర్తి వివరాల పత్రం) వేయకపోతే అప్లికేషన్ వదిలేసినట్టే లెక్క. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ప్రొవిజనల్‌లో రాయని భాగానికి ఆ తేదీ వర్తించదు. "మోటారుతో నడిచే ఒలుపుడు యంత్రం" అని నాలుగు లైన్లు గీకితే ఆ 1,600 దండగే.

సెమినార్‌లో నేర్చుకోవాల్సింది క్లెయిమ్ రాయడం, అంటే ఏ భాగం మీద హక్కు అడుగుతున్నారో చెప్పే వాక్యం రాయడం. మన దగ్గర సగం పూట ట్రేడ్‌మార్కుకూ కాపీరైటుకూ తేడా చెప్పడంతోనే గడిచిపోతుంది. చేనేతలో ఆసు పోయడానికి చింతకింది మల్లేశం గారు చేసిన ఆసు యంత్రం బొమ్మ చూపించి చప్పట్లు కొట్టిస్తారు గానీ, ఆయన పేటెంట్‌లో మొదటి క్లెయిమ్ ఏమిటో తెరిచి చదివించరు. నాకు బాధ కలిగించేది అదే.

మీ యంత్రమే తీసుకుందాం. "డ్రమ్ము, జల్లెడ, మోటారు ఉన్న యంత్రం" అని రాస్తే పేటెంట్ ఆఫీసులో అప్లికేషన్ పరీక్షించే ఎగ్జామినర్ పాత పేటెంట్లు రెండు ముందు పెట్టి ఇందులో కొత్తేముంది అంటారు. "డ్రమ్ముకూ జల్లెడకూ మధ్య 12 మి.మీ. ఖాళీ" అని మొదటి క్లెయిమ్‌లోనే పెడితే, పక్క ఊరి వెల్డరు 14 పెట్టుకుని తప్పించుకుంటాడు. "జల్లెడ స్ప్రింగుల మీద నిలిచి ఉండి, కాయలు ఎక్కువ పడ్డప్పుడు కిందికి జరిగి, గింజ బద్దలవకుండా ఖాళీని పెంచేది" అన్నట్టు పనితీరును పట్టుకోవాలి. అంకెలు వివరణలోనూ కింది క్లెయిమ్‌లలోనూ ఉండాలి. పది క్లెయిమ్‌లు దాటితే ఒక్కోదానికి 320 రూపాయలు.

ఎంచుకునే అవకాశం ఉంటే, కంప్యూటర్లు పెట్టి ఇన్‌పాస్ (మన పేటెంట్ ఆఫీసు వెతుకులాట సైటు), ఎస్పాసెనెట్ (యూరప్ పేటెంట్ ఆఫీసుది)లలో పాత పేటెంట్లు మీ చేత వెతికించే వర్క్‌షాప్‌కే వెళ్లండి. రెండూ ఉచితమే. అక్కడ కనిపించే అప్లికేషన్ "పబ్లిష్ అయింది" అన్నంత మాత్రాన పేటెంట్ వచ్చేసినట్టు కాదు. ఫారం 9కి 2,500 కడితే ఎవరిదైనా త్వరగా పబ్లిష్ అవుతుంది. అప్లికేషన్‌ను పరీక్షించమని అడిగే ఫారం 18 వేరే, దానికి 4,000. అది వేసే గడువు మొదటి ఫైలింగ్ తేదీ నుంచి 31 నెలలు, 2024 మార్చిలో మారింది. పాత స్లైడ్లలో ఇంకా 48 అనే కనిపిస్తుంది, ఆ లెక్కతో కూర్చుంటే అప్లికేషన్ పోతుంది.